చాటలో మూడు బీడీలు

“పుస్తకం పోలేదు, నాటకం నడుస్తున్నది,” అన్నాడు బాపురావు.

సోమవారం, పొద్దున తొమ్మిది నలభై. బోధన్‌లో అంజవ్వ ఇంటి వాకిట్లో ఇద్దరు పత్తేదార్లు ఎదురెదురుగా నిలబడ్డారు. ఒకరు బాపురావు, రిటైరైన పోలీసాయన. పెన్ను మూత తీయకుండానే కేసు మూసేయగల దిట్ట. రెండోవారు అంజవ్వ పిలిపించిన బాలనర్సయ్య. ఇరవై ఏళ్లు నవీపేట్ బీడీ కార్ఖానాలో చెకర్‌గా పనిచేశాడు. ఆడవాళ్లు చేసి తెచ్చిన బీడీల్లో మంచివేవో చెడ్డవేవో ఏరి పక్కన పెట్టడం ఆయన ఉద్యోగం. అది మానేసి నిజామాబాద్‌లో డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నాక మనుషుల్ని ఏరుతున్నాడు. పని మారింది గానీ కన్ను మారలేదు.

“నాటకమని ఎట్ల తేల్చినవ్ బాపురావన్నా?” అడిగాడు బాలనర్సయ్య.

“తాళం పలగలేదు. బంగారం పోలేదు, బియ్యం పోలేదు. చిత్తుకాయితాల పుస్తకం ఎవడెత్కపోతడు? మార్చిల పరీక్ష తప్పిండు. మళ్లీ తప్పుతనని భయం. తనే దాచి, పోయిందని ఏడుస్తున్నడు.”

గుమ్మంలో కూర్చున్న అంజవ్వ కొడుకు మార్కండేయ తల దించుకున్నాడు. ముప్పై నాలుగేళ్ల మనిషి. ఒకప్పుడు షుగర్ ఫ్యాక్టరీ జట్టుకు గోల్‌కీపరు, ఇప్పుడు ఒక చిన్న బడిలో డ్రిల్లు సారు. ఆటగాళ్ల తరఫున క్లబ్బులతో ఒప్పందాలు మాట్లాడాలంటే ఏజెంటు లైసెన్సు ఉండాలి. దానికి గురువారం పదకొండు గంటలకు ఢిల్లీలో పరీక్ష. ప్రశ్నలన్నీ ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ నిబంధనల మీద వస్తాయి. ఆర్నెల్లుగా ఆ మనిషి నీలం అట్ట వేసిన ఆ నిబంధనల పుస్తకంతోనే లేచి దానితోనే పడుకున్నాడు. శనివారం అది మాయమైంది. పరీక్షకు రమ్మని వచ్చిన లెటరు కూడా అందులోనే ఉంది.

“నెట్ సెంటర్ల ఇంకోటి తీస్తరు గదా,” బాపురావు వదల్లేదు.

“నిబంధనలు దొరుకుతయి సార్. నా ఫోటో మీద ముద్ర కొట్టిన లెటరు దొరకది. అది లేకుంటే లోపలికి రానియ్యరు,” అన్నాడు మార్కండేయ. “ఇయ్యాల నాలుగు గంటల హైదరాబాద్ బస్సు ఎక్కితేనే రేపటి రైలు అందుతది.”

“చూస్తివా? ముందే సాకు తయారు పెట్టుకున్నడు!”

బాలనర్సయ్యకు ఒళ్లు మండింది. చెకర్‌గా ఉన్న రోజుల్లో గంపలోకి చూడకుండానే సరుకు బాగాలేదనే మేస్త్రీలు, ముకద్దాములంటే ఆయనకు ఎంత మంటో, ఇప్పుడు బాపురావు మీదా అంతే మంట. అయినా గొంతు పెంచలేదు.

“అన్నా, నిన్ను పెట్టుకున్నదెవరు?”

“ధర్పల్లి లింబయ్య. కొడుకు పోశన్నను బొంబాయి నుంచి వచ్చిన రాజ్ సార్ దుబాయ్ క్లబ్బుకు తీస్కపోతనన్నడు. పందొమ్మిదో నిబంధన ప్రకారం పదహారేండ్లోన్ని దేశం దాటించొద్దని గీ మార్కండేయ అడ్డం పడ్డడు. పుస్తకంల చూపియ్యి, నమ్ముత అన్నడు లింబయ్య. శనివారం సాయంత్రం చూపియ్యాలె. శనివారం పొద్దున్నే పుస్తకం గాయబ్! అసొంటి రూలే లేదని దీనర్థం. రెండింటికి లాడ్జిల ఒప్పందం మీద దస్తఖతు అయితది. నా రిపోర్టు గదే.”

“శనివారం సాయంత్రం చూపియ్యాలె, శనివారం పొద్దున పోయింది.” బాలనర్సయ్య ఆ మాటను నోట్లోనే నెమరేసుకున్నాడు. “అన్నా, నువ్వు సొంతంగ కేసు తేల్చేసినవ్. జర తప్పుకుంటే నేను అసలుది మొదలుపెడత.”

బాపురావు మూతి ముడుచుకుని జీపెక్కాడు.

లోపల అంజవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తోంది. అరవై దాటినా వేళ్లలో వేగం తగ్గలేదు. తునికాకు ముక్క తీయడం, తంబాకు పోయడం, చుట్టడం, మూతి మడవడం, దారం కట్టడం, అన్నీ కలిపి ఒకే పనిలా సాగిపోతాయి. పక్కింటి భూమవ్వ కూడా తన చాటతో అక్కడే చేరింది.

బాలనర్సయ్య చాప మీద కూర్చున్నాడు. “అవ్వా, శనివారం ఎప్పుడు తాళం వేసినవ్?”

“పదింటికి. కార్ఖానల సరుకు అప్పజెప్పే దినం గదా. నేను, భూమవ్వ గంపలు పట్టుకొని పోయినం. వచ్చేటాల్లకు పావు తక్కువ పన్నెండు.”

“మార్కండేయ?”

“బడికి పోయిండు, తొమ్మిదింటికే.”

“ఎనక తలుపు?”

అంజవ్వ వేళ్లు ఒక్క క్షణం ఆగాయి. “గొళ్లెం సరిగ పడది బిడ్డా. గట్టిగ నూకితే వస్తది.”

బాలనర్సయ్య లేచి వెనక తలుపు చూశాడు. గొళ్లెం నిజంగానే అలంకారానికి ఉంది. తలుపు అవతల ఇరుకు సందు. సందులో నల్లా, దాని చుట్టూ తొమ్మిది బిందెలు వరుసలో ఉన్నాయి.

“నల్లా ఏ టైముకు వస్తది?”

“దినం తప్పి దినం, పదిన్నరకు,” భూమవ్వ చెప్పింది. “పదకొండుం పావు దాక ఉంటది. గప్పుడు సందుల ఈగ గూడ దూరది. శనివారం గూడ వచ్చింది. నా కోడలే పట్టింది.”

“కోడలు ఎవరినన్న చూసిందా?”

“ఎవ్వలు రాలేదన్నది. లోపలికి గాని, బయటికి గాని.”

డిటెక్టివ్ ముఖం వికసించింది. పదింటికి తాళం పడింది. పదిన్నరకు సందు నిండిపోయింది. ఆ మధ్యలో లోపలికి వచ్చినవాడు పుస్తకం తీసుకుని బయటపడేలోగా నల్లా వచ్చేసి ఉండాలి. పదకొండుం పావు దాకా ఈ గదిలో ఊపిరి బిగబట్టి కూర్చోవలసి వచ్చింది. ముప్పావుగంట! ముప్పావుగంట ఊరికే కూర్చున్న మనిషి ఏదో ఒకటి చేయకుండా ఉండడు.

“అవ్వా, వచ్చినంక ఇంట్లో ఏదన్న మారిందా? కదిలిందా, తగ్గిందా?”

“తగ్గింది పుస్తకమొక్కటే.” అంజవ్వ కాస్త ఆలోచించింది. “పెరిగింది ఉన్నది.”

“పెరిగిందా?”

“ఖాళీ చాట పెట్టిపోయిన. కత్తిరించిన ఆకు, తంబాకు పక్కకే ఉండె. వచ్చి సూస్తె చాటల మూడు బీడీలున్నయి. భూమవ్వ చేసిందేమో అనుకున్న. గామె నావి గావన్నది. ఇంకొకల చెయ్యి నా కట్టల కలిపితె చెకర్ సారు తీసి పారేస్తడు గదా. గందుకే పక్కకు పెట్టిన.”

సగం జీవితం చెకర్ సారుగా బతికిన మనిషికి ఈ మాటతో ప్రాణం లేచొచ్చింది. అల్మారాలో రేకు డబ్బీ మూతలో ఉన్న మూడు బీడీలను అరచేతిలోకి తీసుకుని వెలుతురులోకి పట్టాడు. రెండు పూర్తయ్యాయి. మూడోదానికి మూతి మడిచి ఉంది, దారం చుట్టి ఉంది, ముడి మాత్రం పడలేదు. అక్కడ దొంగకు సోయి వచ్చిందన్నమాట.

బీడీలు చేసే ఇళ్లలో పుట్టినవాళ్లకు ఇదొక పిచ్చి. ఖాళీ చాట, పక్కన ఆకు కనబడితే చేతులు ఆగవు.

“మూతి మడత చూసినవా అవ్వా?”

“ఎడమకు తిరిగింది. మేమంత కుడికి మలుస్తం.”

బాలనర్సయ్య ఒక బీడీని వేళ్ల మధ్య తిప్పి చూశాడు. ఎడమకు తిరిగే ఆ మడత ఆయనకు తెలుసు. నవీపేట్ కార్ఖానాలో నూటా ఇరవై మంది గంపలు ఆయన ముందు దిగేవి. అందులో ఎడమకు మడిచే చెయ్యి ఒక్కటే, శంకరమ్మది. ఆమె గంపలోనే అచ్చం అలాంటివే ఇంకొన్ని, కాస్త వదులుగా కట్టినవి, కలిసి వచ్చేవి. “పిల్లగాడు జేసిండు సారూ, తీసెయ్యకుండ్రి,” అని బతిమాలేది. ఆ పిల్లగాడు పంతొమ్మిదేళ్ల కింద ఊరొదిలిపోయాడు. పేరు రాజలింగు.

“రాజ్ సార్‌ను నువ్వు చూసినవా?” మార్కండేయను అడిగాడు.

“రెండు మాట్ల. బొంబాయిల పుట్టి పెరిగిన్నంటడు. మన దిక్కు ఎన్నడు రాలేదంట.”

“నీ పుస్తకం సంగతి ఆయనకు తెలుసా?”

“లింబయ్య పెదనాయిన ఆయన ముందటనే అడిగిండు, శనివారం చూపియ్యమని.”

గడియారం పన్నెండు కొట్టింది. దస్తఖతుకు ఇంకా రెండు గంటలుంది. మూడు బీడీలు పట్టుకుని పోలీసుల దగ్గరికి వెళ్తే నవ్వి పంపేస్తారు. పైగా లింబయ్య ముందు పుస్తకం తెరిచి చూపించాలి. ఆ పుస్తకమే లేదు, నెట్ సెంటర్ శనివారం నుంచి మూసి ఉంది, ఇవాళ రెండింటికి గానీ తెరవరు.

“పందొమ్మిదో నిబంధనల ఏమున్నదో జర చెప్పు,” అన్నాడు మార్కండేయతో.

మార్కండేయ నోరు తెరిచాడు. రెండు రోజులుగా నిద్ర లేదు, లెటరు పోయిన దిగులుతో బుర్ర మొద్దుబారింది. “పద్దెనిమిది… మూడు మినహాయింపులు… మొదటిది…” అని ఆగిపోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. గురువారం కూడా ఇలాగే అయితే లెటరు దొరికీ లాభం లేదు.

“మొదటిది, తల్లిదండ్రులు ఆటతోని సంబంధం లేని పని మీద ఆ దేశం పోయి ఉండాలె,” అంది అంజవ్వ, చాట మీంచి తల ఎత్తకుండానే.

“రెండోది, యూరప్ దేశాల నడుమనైతే పదహారు నిండినా నడుస్తది,” భూమవ్వ అందుకుంది. “మూడోది సరిహద్దు ముచ్చట.”

బాలనర్సయ్య ఇద్దరి వంకా మార్చి మార్చి చూశాడు.

“గట్ల సూస్తవేంది సారూ?” భూమవ్వ నవ్వింది. “ఆర్నెల్ల సంది పొద్దుగాల ఆరు నుంచి ఎనిమిది దాక సదివి, తెలుగుల చెప్పుకుంట తిరుగుతడు. మా రేడియో పాడై ఏడాదాయె. ఇగ ఏం ఇంటం? చేతులు బీడీల మీద, చెవులు గీ రూల్ల మీద. తప్పు జెప్తె మేమే మొట్టికాయ ఏస్తం.”

డిటెక్టివ్ గట్టిగా నవ్వాడు. ఈ కేసు మొదలైనప్పటి నుంచి ఆయన నవ్వడం అదే మొదలు.

“అవ్వా, చాట పట్టుకో. ఆకు, తంబాకు గూడ. పోదాం పద.”

ఒంటి గంటా యాభైకి లాడ్జి కింది గదిలో అందరూ కూర్చున్నారు. బల్ల మీద దస్తఖతు కాయితాలున్నాయి. ఒకవైపు లింబయ్య, ఆయన కొడుకు పోశన్న. పొడుగు కాళ్ల పోశన్న కొత్త బూట్లను ఒళ్లో పెట్టుకున్నాడు. ఎదురుగా రాజ్ సార్, ఇస్త్రీ చొక్కా, మెడలో ఏదో గుర్తింపు కార్డు. గోడ పక్కన బాపురావు.

చాటతో అంజవ్వ, వెనకే భూమవ్వ లోపలికి రాగానే బాపురావు లేచాడు. “ఏమయ్యా, గిది లాడ్జా, బీడీ కార్ఖానానా?”

“ముసలమ్మ పని లేకుంటే కూసోలేదన్నా,” అన్నాడు బాలనర్సయ్య. “లింబయ్యా, నువ్వు పుస్తకం అడిగినవ్. తెచ్చిన. గీ ఇద్దరవ్వలే ఆ పుస్తకం.”

అంజవ్వ నేల మీద కూర్చుని పని మొదలుపెట్టింది. పెడుతూనే నిబంధన చెప్పింది. పద్దెనిమిది నిండనివాణ్ణి దేశం దాటించి ఆడించొద్దు. ముఖ్యమైన మినహాయింపులు మూడు. మొదటి రెండూ వివరించి, మూడోది కూడా ముగించింది. “పిల్లగాని ఇల్లు సరిహద్దుకు యాభై కిలోమీటర్ల లోపట ఉండాలె.”

రాజ్ సార్ చిరునవ్వు నవ్వాడు. పుస్తకాల తెలుగులో అన్నాడు: “చూశారా, ఆవిడే చెప్పింది. బోధన్ దాటితే మహారాష్ట్ర సరిహద్దు. యాభై కిలోమీటర్లు కూడా ఉండదు.”

లింబయ్య తల ఊపబోయాడు.

“అది దేశం సరిహద్దయ్యా, రాష్ట్రానిది గాదు!” భూమవ్వ కసురుకుంది. “దుబాయ్ ఏమన్న మంజీర అవుతల ఒడ్డుకున్నదా? నువ్వు లైసెన్సున్న ఏజెంటువేనా?”

బాపురావు నవ్వు ఆపుకోలేకపోయాడు. వెంటనే నవ్వినందుకు తనమీద తనకే కోపం వచ్చి, “ఆడోళ్ల మాట సాక్ష్యం కాదు,” అని గొణిగాడు.

లింబయ్య మెల్లగా అడిగాడు. “రాజ్ సార్, గీమె చెప్పేది అబద్ధమైతే మీ దగ్గరి పుస్తకంల చూపియ్యుండ్రి. నేను సదువుకోలే. బాపురావు సదువుతడు.”

“పుస్తకం బొంబాయిలో ఉంది.”

“మంచిది,” అన్నాడు బాలనర్సయ్య. “బోధన్ నెట్ సెంటర్‌కు మార్కండేయను పంపిన. ప్రింటు తెస్తడు. అర్ధగంట. అందాక అందరం ఊకె కూసుందాం.”

ఆయన కావాలని చివరి మాట నొక్కాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. అంజవ్వ చాటను బల్ల కాళ్ల దగ్గరకు జరిపి, తంబాకు పోసిన ఆకును చుట్టకుండా అందులో వదిలి, నీళ్లు తాగొస్తానని లేచి వెళ్లింది. చాట ఇప్పుడు రాజ్ సార్ మోకాలికి జానెడు దూరంలో ఉంది.

రెండు గంటలా ఐదు. రాజ్ సార్ గడియారం చూసుకున్నాడు. రెండు పది. తలుపు వంక చూశాడు. రెండు పద్నాలుగుకు అతని చేతులు వాటంతట అవే కిందికి జారాయి. కళ్లు తలుపు మీదే ఉన్నాయి. వేళ్లు ఆకు అందుకుని చుట్టాయి, మూతి మడిచాయి, దారం కోసం తడుముకున్నాయి.

“దారం గిది తీస్కో, రాజలింగూ,” అన్నాడు బాలనర్సయ్య.

అతను ఉలిక్కిపడి చేతిలోని బీడీ వంక చూసుకున్నాడు, అది ఎవరో తన చేతిలో పెట్టినట్టు. డిటెక్టివ్ ఆ బీడీ పక్కన మూడు బీడీలు పెట్టాడు. నాలుగింటికీ మూతి ఎడమకే తిరిగి ఉంది.

“శనివారం అంజవ్వ ఇంట్లో, నల్లా కట్టయ్యేదాక నువ్వు గిట్లనే కూసున్నవు. మీ అమ్మ గంప ఇరవై ఏండ్లు నా ముంగట దిగింది. గీ మడత నేను మర్చిపోతననుకున్నవా?”

బాపురావు ముందుకొచ్చి నాలుగు బీడీలూ ఒకటొకటిగా తిప్పి చూశాడు. చూసి, జేబులోంచి తన రిపోర్టు తీసి నాలుగు ముక్కలు చేశాడు. “తమ్మీ, బ్యాగు తెరువు,” అన్నాడు రాజలింగుతో. ఆ గొంతులో పాత పోలీసు మేలుకున్నాడు.

బ్యాగు అడుగున నీలం అట్ట పుస్తకం, అందులో ముద్ర కొట్టిన లెటరు చెక్కుచెదరకుండా ఉన్నాయి.

“అమ్మ…” రాజలింగు గొంతులోంచి పుస్తకాల తెలుగు ఎటో పోయింది. “మా అవ్వ ఉన్నదా సారూ?”

“ఉన్నది. నవీపేట్లనే. ఇంక బీడీలు చేస్తున్నది.”

అతను రెండు చేతుల్లో ముఖం దాచుకున్నాడు. “నన్ను గూడ పదహారేండ్లకు ఒకడు ఆడిపిస్తనని తోల్కపోయిండు. బొంబాయి స్టేషన్ల కూసోబెట్టి, ఇప్పుడే వస్తనని పోయిండు. రెండు దినాలు గాడనే కూసున్న.” కాసేపటికి చెయ్యి తీసి పోశన్న వంక చూశాడు. “గీన్ని ఇంటికి తోల్కపో లింబయ్యా. ఇంక నలుగురు పిల్లగాండ్లు నిన్ననే బొంబాయి పోయిండ్రు. కాయితాలల్ల బుధవారం అని రాసిన. గాని దుబాయ్ విమానం రేపు సాయంత్రమే.”

నెట్ సెంటర్ నుంచి ప్రింటు కాయితాలతో పరిగెత్తుకొచ్చిన మార్కండేయ గుమ్మంలో ఆ మాట విన్నాడు. తన లెటరు బల్ల మీద కనబడుతున్నా దాని వైపు వెళ్లలేదు.

“నేను గూడ బొంబాయి వస్త. పరీక్ష ఎటు పోతది, ఆర్నెల్లకు మళ్లీ వస్తది.”

“నువ్వు రావద్దు,” బాలనర్సయ్య ఖచ్చితంగా అన్నాడు. “గీ నలుగురిని నేను తెస్త. వచ్చే ఏడు ఇంకో నలుగురి ఇంటికి ఇంకో రాజ్ సార్ వస్తడు. అప్పుడు వాళ్ల నాయినలు ఎవరి తలుపు కొట్టాలె? లైసెన్సున్న మనిషి ఒక్కడన్న ఈ జిల్లాల ఉండాలె గదా!”

బాపురావు అప్పటికే బొంబాయి పోలీసులకు చెప్పమని టౌన్ పోలీసులకు ఫోన్ చేస్తున్నాడు. “పుస్తకం మాత్రం సాక్ష్యం. నేను స్టేషన్ల అప్పజెప్పాలె,” అన్నాడు ఫోన్ పెట్టేసి. లెటరు మడిచి మార్కండేయ జేబులో తనే పెట్టాడు. “నిన్ను తప్పు పట్టిన తమ్మీ. మనసుల పెట్టుకోకు.”

“పుస్తకం లేకుంట మూడు దినాలు ఎట్ల సదవాలె?”

“పుస్తకమెందుకురా?” గుమ్మంలోంచి అంజవ్వ అంది. “నేనొస్త ఢిల్లీకి.”

నాలుగింటికి బస్టాండులో హైదరాబాద్ బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. కిటికీ పక్కన అంజవ్వ చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది, పక్కన మార్కండేయ. బస్సు పక్కనే బాపురావు జీపు ఆగింది. వెనక సీట్లో బాలనర్సయ్య, టౌన్ స్టేషన్ నుంచి వచ్చిన కానిస్టేబులు, వాళ్లిద్దరి మధ్య రాజలింగు ఉన్నారు. పిల్లలున్న గది తలుపు తన గొంతు వింటేనే తీస్తారని, తననూ తీసుకెళ్లమని అతనే అడిగాడు. నిజామాబాద్‌లో బొంబాయి బండి అందుకోవడానికి గంట పది నిమిషాలుంది.

“పందొమ్మిదో నిబంధన,” కిటికీలోంచి అంజవ్వ గొంతు ఖంగున వినిపించింది. “మొదటి మాట సెప్పు.”

మార్కండేయ గొంతు సవరించుకున్నాడు. ఈసారి తడబడలేదు. “పద్దెనిమిదేండ్లు నిండని ఆటగాన్ని దేశం దాటించొద్దు.”

బాలనర్సయ్యకు అదే మాట పక్కనుంచి కూడా వినబడింది. రాజలింగు బస్సు కిటికీ వంక చూస్తూ పెదవులు కదుపుతున్నాడు. పంతొమ్మిదేళ్ల కింద ఎవరూ తనకు చెప్పని మాటను మళ్లీ మళ్లీ చెప్పుకుంటున్నాడు.

“పోనియ్యి బాపురావన్నా,” అన్నాడు బాలనర్సయ్య. జీపు బస్సును దాటి నిజామాబాద్ రోడ్డెక్కింది.